మిరపకు పైపాటుగా ఏ ఎరువు కట్ట వేయాలి? ఒకరు 28-28 అంటున్నారు, ఇంకొకరు 10-26-26 అంటున్నారు

నల్లరేగడి
అందరికీ నమస్తే. మాది పల్నాడు, నల్లరేగడి నేల, బోరు కింద మూడెకరాల్లో తేజ రకం హైబ్రిడ్ పెట్టాం, నాటి నెల కావస్తోంది. దుక్కిలో ఎకరాకు రెండు కట్టలు 20-20-0-13, ఒక కట్ట డీఏపీ వేశాం. పెంట (పశువుల ఎరువు) ఈ ఏడు దొరకలేదు, దొరికినా ట్రాక్టరు రేటు చూసి వదిలేశాం. ఇప్పుడు పైపాటు, అంటే ఎదిగే పంటకు వేసే ఎరువు, వేయాలి. కొట్టులో అడిగితే 10-26-26 ఎకరాకు రెండు కట్టలు వేయి, వేరు బాగా పారాలంటే ఈ బకెట్ గుళికలు కూడా కలుపు అంటున్నాడు. పక్క చేను ఆయనేమో 28-28 ఒక కట్ట, యూరియా ఒక కట్ట కలిపి వెయ్, పదిరోజుల్లో తోట నల్లగా, అంటే ముదురు పచ్చగా, తిరుగుతుంది అంటున్నాడు. మా నాన్నకు పొటాష్ మీద నమ్మకం లేదు, మన నేలలో ఉంటుందిలే అంటాడు. ఇంకో సంగతి, కొన్ని చెట్లకు చిగురాకు ముడుచుకుంటోంది, అది బలం చాలకేనా? తెలిసినవాళ్ళు చెప్పండి, మళ్ళీ వానొస్తే చేలోకి దిగలేం, కాస్త టెన్షన్‌గానే ఉంది.

ఖమ్మం_తోట
అన్నా, 28-28 వేసుకో, ఆలోచించకు. మా దగ్గర అందరూ అదే. తేజకు బలం బాగా కావాలి, ఆకలి మీదుండే పంట అది.

సాగుబడి
ఖమ్మం అన్నా, కొంచెం ఆగుదాం. కట్ట పేరు పక్కన పెట్టి కట్ట మీద అంకెలు లెక్కేద్దాం, నల్లరేగడి గారూ. ఆ అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు, నాలుగోది ఉంటే గంధకం.

నీటి వసతి ఉన్న మిరపకు మన వ్యవసాయ విశ్వవిద్యాలయం చెప్పే మోతాదు ఎకరాకు నత్రజని 120, భాస్వరం 24, పొటాష్ 48 కిలోలు. భాస్వరం మొత్తం దుక్కిలోనే, నత్రజని, పొటాష్ మాత్రం నాలుగు భాగాలు చేసి నాటిన 30, 60, 90, 120 రోజులకు. ఇప్పుడు మీరు వేసింది చూడండి. రెండు కట్టలు 20-20-0-13 అంటే వంద కిలోలు, అందులో 20 కిలోల నత్రజని, 20 కిలోల భాస్వరం, 13 కిలోల గంధకం. డీఏపీ కట్టలో నత్రజని 9, భాస్వరం 23. మొత్తం కలిపితే నత్రజని 29, భాస్వరం 43, పొటాష్ సున్నా.

అంటే కావాల్సిన భాస్వరానికి దాదాపు రెట్టింపు ఇప్పటికే నేలలో ఉంది. దాని మీద రెండు కట్టలు 10-26-26 పడితే ఇంకో 26 కలిసి 69 అవుతుంది, చెప్పిన దానికి దగ్గరదగ్గర మూడింతలు. 28-28 ఒక కట్ట వేసినా 14 కిలోల భాస్వరం మళ్ళీ దండగే. మీ చెట్టుకు ఇప్పుడు కావాల్సింది నత్రజని, పొటాష్. ఆ రెండింటికీ కాంప్లెక్స్ కట్ట (ఒకే కట్టలో రెండు మూడు పోషకాలు కలిసినది) అక్కర్లేదు. మిగిలిన 91 కిలోల నత్రజనికి యూరియా నాలుగున్నర కట్టల లోపే సరిపోతుంది, 45 కిలోల కట్ట 266 రూపాయల 50 పైసలు, అంటే పంట మొత్తానికి ఎకరాకు 1,200 రూపాయలు.

భూసార పరీక్ష కార్డు ఉందా? ఉంటే ఇక్కడ పెట్టండి.

బాబాయ్_గుంటూరు
సాగుబడి బాబూ, లెక్క బాగుంది కానీ కాగితం మీద 120 కిలోలతో మా ఊళ్ళో ఎవడూ పాతిక క్వింటాళ్ళు తీయలేదు. ఎకరాకు పది పన్నెండు కట్టలు పడుతున్నాయి, ఇంకా ఎక్కువ వేసేవాళ్ళూ ఉన్నారు. అవి వేయకుండా దిగుబడి వచ్చేస్తుందంటే కౌలు కట్టేవాడు ఎలా నమ్ముతాడయ్యా? ఎకరాకు అంత కౌలు పోసి కట్ట దగ్గర పిసినారితనం చేయడు.

సాగుబడి
బాబాయ్ గారూ, నేను తక్కువ వేయమనడం లేదు, వేసేది చెట్టు తినేది అయ్యుండాలి అంటున్నాను. పది కట్టలు వేసేవాళ్ళ దగ్గర చూడండి, అందులో సగం పైన డీఏపీ, 28-28, 14-35-14 ఉంటాయి. భాస్వరం నీటితో కొట్టుకుపోదు, నల్లరేగడిలో సున్నంతో కలిసి బిగుసుకుని అక్కడే కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి వేసిన చేలల్లో పరీక్ష చేయిస్తే భాస్వరం ‘ఎక్కువ’ అనే వస్తుంది. పైగా అది జింకును వేరుకు అందనివ్వదు. ఆకులు చిన్నవై, ఈనెల మధ్య పసుపెక్కితే మళ్ళీ బలం చాలలేదనుకుని ఇంకో కట్ట వేస్తారు. మీరే చెప్పండి, ఇది జరగడం లేదా?

బాబాయ్_గుంటూరు
జరగడం లేదని నేను అనలా.

నల్లరేగడి
కార్డు దొరికింది. నిరుడు రైతు సేవా కేంద్రంలో మట్టి ఇచ్చాం. పీహెచ్ 8.2, సేంద్రియ కర్బనం తక్కువ, భాస్వరం ఎక్కువ, పొటాష్ ఎక్కువ, జింకు లోపం, లవణాల శాతం మామూలు అని ఉంది. అయితే మా నాన్న చెప్పిన పొటాష్ మాట నిజమేనా?

సాగుబడి
సగం నిజం. నల్ల నేలల్లో పొటాష్ నిల్వ ఎక్కువే, కార్డులో ‘ఎక్కువ’ వస్తే చెప్పిన మోతాదులో 30 శాతం తగ్గించుకోవచ్చు. 48లో అది తీసేస్తే 34 కిలోల దాకా మిగులుతుంది. మ్యూరియేట్‌లో, అంటే ఎర్ర పొటాష్‌లో, 60 శాతం పొటాష్ కాబట్టి ఒక కట్ట మీద ఆరేడు కిలోలు. పూర్తిగా మానేస్తే మాత్రం కాయ ఊరే టైములో తెలుస్తుంది, తేజ లాంటి రకం మీద వరసగా కోతలు కోస్తూ పోతాం, ప్రతి కోతలోనూ పొటాష్ బయటికి పోతూనే ఉంటుంది.

జింకు సల్ఫేటు దుక్కిలో ఎకరాకు 20 కిలోలు వేసుండాల్సింది, వచ్చే పంటకు గుర్తుంచుకోండి, ఒకసారి వేస్తే రెండు మూడు పంటలకు పనిచేస్తుంది. డీఏపీ, సూపర్ ఫాస్ఫేట్‌తో కలిపి మాత్రం వేయకండి, కొన్ని రోజులు ఎడం ఇవ్వాలి. ఇప్పటికైతే లీటరుకు 2 గ్రాములు కలిపి నాలుగైదు రోజుల ఎడంతో రెండు మూడుసార్లు పిచికారీ చేయండి. పురుగుమందు ట్యాంకులో కలిపేసి ఒకే దెబ్బకు పనైపోవాలనుకోవద్దు.

పీహెచ్ 8.2 అన్నారు కదా, ఆ నేలలో యూరియా పైన చల్లి వదిలేస్తే గాలిలోకి పోతుంది. మొదలుకు మూడు నాలుగు అంగుళాల దూరంలో వేసి మట్టి కప్పి, వెంటనే తడి ఇవ్వండి. కూలీ ఖర్చు పెరుగుతుంది, నిజమే, కానీ చల్లితే పోయేది ఆ కూలీ కన్నా ఎక్కువ.

ఎరువుల_కొట్టు
కొట్టువాళ్ళ మీద పడేముందు మా మాట కూడా వినండి. యూరియా మీద మాకు మిగిలేది ఏమీ ఉండదు, దించే కూలి పోతే చేతికి వచ్చేది తక్కువే. పైనుంచి సరుకు వచ్చేటప్పుడే ఇన్ని టన్నుల యూరియాకు ఇన్ని బకెట్లు, ఇన్ని సీసాలు అని అంటగట్టి పంపిస్తున్నారు. అవి మేం ఇంట్లో పెట్టుకోలేం కదా. అలాగని అందరూ అంటగడతారని కూడా కాదు. రైతు అంకెలు తెలుసుకుని వచ్చి ‘నాకు యూరియా, పొటాష్ చాలు, బిల్లు ఇవ్వండి’ అంటే నేనైతే ఇచ్చి పంపిస్తాను. వేలిముద్ర వేశాక మిషనులో మీ పేరు మీద ఎన్ని కట్టలు కొట్టారో కూడా చూసుకోండి.

నల్లరేగడి
మా దగ్గర మొన్న యూరియా కావాలంటే ఆ బకెట్ కొనాల్సిందే అన్నారు, బిల్లు అడిగితే తెల్ల కాగితం మీద రాసిచ్చారు. అందుకే ఇక్కడికొచ్చి అడుగుతున్నా.

సాగుబడి
ఆ బకెట్ మీద ఏం రాసుందో చూడండి. నత్రజని ఎంత, పొటాష్ ఎంత, హ్యూమిక్ ఎంత శాతం అని లేకుండా ‘అద్భుతమైన పెరుగుదల’ అని మాత్రమే ఉంటే దాంట్లో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. హ్యూమిక్ యాసిడ్ కూడా మంచిదే, కానీ అది ఎరువు కాదు. ఎరువు వేసినచోట కాస్త తోడు అంతే.

గోఆధారం
ఇంత లెక్కల్లో ఒక్కరు కూడా సేంద్రియ కర్బనం తక్కువ అన్న మాట పట్టించుకోలేదు! అసలు రోగం అక్కడుంది. 200 లీటర్ల నీళ్ళలో 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మన్ను గుప్పెడు వేసి జీవామృతం చేసుకోండి. పదిహేను రోజులకోసారి తడితో పారించండి. కట్టలన్నీ మానేయొచ్చు.

సాగుబడి
కర్బనం మాటకు నూటికి నూరు ఒప్పుకుంటా. ‘కట్టలన్నీ మానేయొచ్చు’ దగ్గర ఆగుతా. పది కిలోల తడి పేడలో నత్రజని అర శాతం కూడా ఉండదు, అంటే 50 గ్రాములు. జీవామృతం సూక్ష్మజీవులను ఇస్తుంది, చెట్టుకు తిండి పెట్టదు. నేలలో పెంట, పచ్చిరొట్ట ఉంటే ఆ జీవులు దాన్ని తిండిగా మారుస్తాయి. ఈయన చేలో ఈ ఏడు పెంటే పడలేదు, అవి దేన్ని మారుస్తాయి?

గోఆధారం
మొదటి ఏడే మానేయమని నేను చెప్పలేదు, మూడేళ్ళలో నెమ్మదిగా అని నా ఉద్దేశం. ఎండాకాలంలో జనుమో జీలుగో చల్లి పూతకు ముందు కలియదున్నండి, విత్తనాల ఖర్చు తప్ప ఏమీ లేదు.

బాబాయ్_గుంటూరు
ఇది మాత్రం బంగారం లాంటి మాట. మా చిన్నప్పుడు గొర్రెల మంద పెట్టించేవాళ్ళం చేలో, రాత్రికి ఇంత అని ధాన్యం కొలిచేవాళ్ళం. ఆ చేలో మిరప మరుసటి ఏడు కూడా తెలిసిపోయేది. ఇప్పటికీ మందలు వస్తున్నాయి, అడిగేవాళ్ళే తగ్గారు. పెంట తోలితే మాత్రం బాగా చివికినదే తోలాలి, పచ్చి పెంట పోస్తే వేరుపురుగు, చెదలు వెంట వస్తాయి. చివికిన పెంట ఎకరాకు పది టన్నులంటే ఇప్పుడు ఎవడి దగ్గరుంది? పశువులేవి?

సాగుబడి
పది టన్నుల్లో నత్రజని 50 కిలోల దాకా ఉంటుంది బాబాయ్ గారూ, అంతా ఆ ఏడే అందదు కానీ. దొరకనివాళ్ళు వేపపిండి ఎకరాకు 200 కిలోలు దుక్కిలో వేసుకోవచ్చు. ముదురు తోటకు ఖర్చు పెట్టే పురుగుమందుల్లో ఒక స్ప్రే డబ్బు ఇటు తిప్పితే చాలు.

మిద్దెమీద_తోట
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, మాకు ఎకరాలు లేవు, హైదరాబాద్‌లో మిద్దె మీద పన్నెండు అంగుళాల కుండీల్లో మిరప ఉంది. కోకోపీట్, వర్మీకంపోస్ట్, మట్టి కలిపి పెట్టాను. చెట్లు పచ్చగా గుబురుగా ఉన్నాయి కానీ పూత రాలిపోతోంది. పొటాష్ వేయనా? గుడ్డు పెంకులు పొడి చేసి వేస్తున్నా.

డ్రిప్పు_సాగు
పచ్చగా గుబురుగా ఉండి పూత రాలుతోందంటే నత్రజని ఎక్కువైంది, లేదా ఎండ. పగలు 35 డిగ్రీలు దాటితే ఏ ఎరువు వేసినా పూత నిలవదు, గ్రీన్ షేడ్ వల కట్టండి అక్కా. ఆవపిండి నీళ్ళు, యూరియా లాంటివి ఉంటే ఆపేసి, లీటరుకు రెండు మూడు గ్రాములు 13-0-45 వారానికోసారి పోయండి. గుడ్డు పెంకు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. కాయ అడుగున గోధుమరంగు మచ్చ వచ్చి కుళ్ళితే అప్పుడు కాల్షియం నైట్రేట్. అది కూడా చాలాసార్లు కాల్షియం లేక కాదు, కుండీ ఒకరోజు ఎండి ఒకరోజు మునగడం వల్ల వస్తుంది.

ఫ్రిస్కో_మిరప
టెక్సాస్ నుంచి. పైన అక్క సమస్యే ఇక్కడ కూడా, జులై ఆగస్టుల్లో పూతంతా నేల మీదే. గుంటూరు గింజలు పెరట్లో వేశాం, సెప్టెంబరు చివర్లో చల్లబడ్డాక గానీ పిందె నిలవదు. ఇక్కడ ఎరువు డబ్బాల మీద ఉండే మూడు అంకెలు కూడా మన కట్టల మీద ఉన్న వరసే, నత్రజని, భాస్వరం, పొటాష్. కొత్తగా పెంచేవాళ్ళు లాన్‌కు వేసే ఎరువు మిగిలింది కదా అని మిరపకు వేస్తుంటారు, అందులో నత్రజని తప్ప పెద్దగా ఏమీ ఉండదు. గడ్డికి ఆకు కావాలి, మనకు కాయ కావాలి. కలుపుమందు కలిపిన లాన్ ఎరువైతే చెట్టే పోతుంది.

నల్లరేగడి
అందరి మాటలూ చదువుతున్నా. ముడత సంగతి ఎవరూ చెప్పలేదు. ఫోటో పెట్టాను చూడండి.

డ్రిప్పు_సాగు
ఫోటోలో ఆకు అంచులు పైకి దోనెలా లేచాయి. అది బలం చాలక కాదు, తామర పురుగు. పైముడత. అంచులు కిందికి తిరిగి కాడ సాగితే నల్లి, కింది ముడత. ఆకులు చిన్నవై గుబ్బగా ముద్దకట్టి చెట్టు గిడసబారితే వైరస్, దానికి ఎరువూ లేదు మందూ లేదు, పీకి తగలబెట్టడమే. కొన్ని పూలు కోసి తెల్ల కాగితం మీద దులపండి, నల్లగా సన్నగా కదిలేవి కనిపిస్తే పూతకు వచ్చే కొత్త రకం తామర పురుగు. మీ తోట నెల లోపే కాబట్టి పూత ఇంకా తక్కువే, చిగుళ్ళు దులిపి చూడండి.

ఖమ్మం_తోట
2021-22 పంటను ఆ నల్ల తామర పురుగే తినేసింది. మా దగ్గర తోటలకు తోటలు దున్నేశారు. అప్పుడు కూడా మొదట అందరూ ముడత చూసి బలం మందులే కొట్టారు.

సాగుబడి
అన్నా, అక్కడే నేను 28-28 ప్లస్ యూరియా వద్దన్నది. పదిరోజుల్లో తోట నల్లగా తిరుగుతుంది అంటారు చూశారా, ఆ లేత చిగురే రసం పీల్చే పురుగుకు విందు. ఆ పురుగు వచ్చిన ఏడు శాస్త్రవేత్తలు మొదట చెప్పింది నత్రజని అతిగా వేయొద్దనే. నల్లరేగడి గారి కార్డులో కర్బనం తక్కువని నత్రజని పెంచమని నేను చెప్పకపోవడానికి కారణం కూడా అదే. నీలిరంగు జిగురు అట్టలు పెట్టండి, యూరియా మాత్రం ఒక్కసారిగా రెండు కట్టలు దించకండి.

ఖమ్మం_తోట
సరే, యూరియా మాట ఒప్పుకుంటా. కానీ నిరుడు రేటు పడ్డప్పుడు ఎవరి లెక్కా నిలబడలే. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాలుకు 11,781 అని మార్కెట్ జోక్యం ధర ప్రకటించింది, అంతకు ముందు ఇరవై వేలు చూసిన కళ్ళతో అది చూశాం. ఖర్చు ఎక్కడ తగ్గించాలా అని అప్పటి నుంచే చూస్తున్న. కట్టల్లో తగ్గుద్దంటే వినడానికి సిద్ధమే.

బాబాయ్_గుంటూరు
పొటాష్ ఎర్రదా తెల్లదా అది కూడా చెప్పండి. మావాళ్ళు తెల్లది వేస్తే కాయకు రంగు వస్తుంది, తాలు (తెల్లబడ్డ కాయ) తగ్గుతుంది అని రెట్టింపు రేటు పెడుతున్నారు.

సాగుబడి
తెల్లదంటే సల్ఫేట్ ఆఫ్ పొటాష్, 0-0-50, అందులో గంధకం కూడా వస్తుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉన్నచోట, డ్రిప్పులో ఇచ్చేచోట అదే మంచిది, ఎర్రదాంట్లో క్లోరైడ్ ఉంటుంది కాబట్టి. నీళ్ళు మంచివైతే నేల మీద వేయడానికి ఎర్ర మ్యూరియేట్ చాలు. ఈయనకు దుక్కిలోనే 13 కిలోల గంధకం పడింది కదా. తాలు మాత్రం పొటాష్ ఒక్కదానితో పోదు బాబాయ్ గారూ, కాయకుళ్ళు తెగులు వచ్చిన కాయ కల్లంలో తెల్లబడుతుంది. దానికి ఎరువు చూసి లాభం లేదు.

డ్రిప్పు_సాగు
డ్రిప్పు ఉన్నవాళ్ళకు ఒక మాట. కాల్షియం నైట్రేటును 0-0-50తో, 12-61-0తో, 0-52-34తో, మెగ్నీషియం సల్ఫేటుతో ఒకే ట్యాంకులో కలపకండి. సున్నం ముద్దలా పేరుకుని రంధ్రాలన్నీ మూసుకుపోతాయి, అప్పుడు లైను మొత్తం యాసిడ్‌తో కడగాలి. అనుమానం ఉంటే గాజు సీసాలో మీ బోరు నీళ్ళు పోసి అదే పాళ్ళలో కలిపి చూడండి, పాలలా విరిగిందంటే వద్దు. నాటిన మొదట్లో 12-61-0 కొంచెం, తర్వాత 19-19-19, పూత నుంచి 13-0-45 వైపు మారుతూ వారానికి రెండుసార్లు కొద్దికొద్దిగా. దుక్కిలో డీఏపీ దిట్టంగా వేసినవాళ్ళు ఆ 12-61-0 కూడా వదిలేయొచ్చు.

ఖమ్మం_తోట
నానో యూరియా సీసా సంగతేంది? ఒక సీసా ఒక కట్టతో సమానమంటుండ్రు.

సాగుబడి
అంకెలే చూడండి. మొదట 2021లో వచ్చిన అర లీటరు సీసాలో నత్రజని 4 శాతం, అంటే 20 గ్రాములు. కట్టలో 20 కిలోల పైన. ఆకు మీద కొడితే వేగంగా అందుతుందన్న మాట వేరు, కానీ 91 కిలోల లోటును సీసాలతో పూడ్చాలని మాత్రం నేను చెప్పను. ఇష్టమైనవాళ్ళు ఒక పైపాటు బదులు కొన్ని సాళ్ళలో కొట్టి, పక్క సాళ్ళతో పోల్చి చూసుకోండి.

నల్లరేగడి
అయితే నేను ఇలా అనుకుంటున్నా, తప్పుంటే చెప్పండి. కాంప్లెక్స్ ఏదీ ఈ ఏడు ఇక కొనను. ఎకరాకు యూరియా ఒక కట్ట, ఎర్ర పొటాష్ పది పన్నెండు కిలోలు కలిపి మొదలుకు దూరంగా వేసి మట్టి కప్పిస్తా, మన బోరు నీళ్ళు ఉప్పగా లేవు. ఆ తర్వాత నెలకోసారి అంతే. జింకు రేపటి నుంచి. ముడతకు ముందు జిగురు అట్టలు, పురుగు ఉద్ధృతి చూసి అప్పుడు మందు. బకెట్ వద్దు. మా నాన్న పొటాష్ ఒక కట్టకు ఒప్పుకున్నాడు, 28-28 మానేయడానికి మాత్రం ఇంకా గొణుగుతున్నాడు.

సాగుబడి
బాగుంది. ఒక్కటే మార్పు, తామర పురుగు కనిపించింది కాబట్టి ఇప్పుడు యూరియా అర కట్ట వేసి మిగతా అర పదిహేను రోజుల తర్వాత వేయండి. పొటాష్ ఇప్పుడే మొత్తం వంతు వేసేయొచ్చు. నాన్న గారి కోసం నాలుగు సాళ్ళలో 28-28 వేయనివ్వండి, కోత వచ్చాక ఆయనే తూకం వేసి చూస్తారు.

నల్లరేగడి
సరే అలాగే. వేసిన రెండో రోజే వాన పడితే?

డ్రిప్పు_సాగు
నీళ్ళు నిలవకుండా కాలవ తీయండి, ముందు అది. నల్ల నేలలో రెండు రోజులు నీళ్ళు నిలిస్తే వేరు ఊపిరాడక చెట్టు పసుపెక్కుతుంది, అప్పుడు నేలలో ఎంత ఎరువున్నా తీసుకోలేదు. నేల ఆరేదాకా 13-0-45 గానీ 19-19-19 గానీ లీటరుకు 10 గ్రాములు కలిపి ఆకుల మీద కొట్టండి. కాలు దిగబడకుండా నడవగలిగాక మిగిలిన యూరియా వేసుకోండి.